నాలుగు పటముల మూలలో నల్లమల

తెలియని దేశపు స్వరూపమును గ్రహించుటకు పూర్వులకు రెండు త్రోవలు మాత్రమే యుండెడివి. తాము నడచి చూచుట ఒకటి. నడచి వచ్చినవారి నోట వినుట రెండవది. మనుచరిత్రములోని ప్రవరుడు రెండవ త్రోవను పట్టెను. అతిథియై వచ్చిన సిద్ధుని వలన తీర్థముల వార్తలు విని, పాదలేపము పూసికొని హిమాలయమునకు చేరెను. చేరుట సులువైనది. లేపము మంచునకు కరగిపోగా, తిరిగి వచ్చు త్రోవ తెలియక తల్లడిల్లెను. విన్న మాట కొండదాక కొనిపోవును గాని ఇంటికి చేర్పదని ఆ కథ వలన తెలియుచున్నది. కొండలలో తిరుగువానికి త్రోవ ఎఱిగిన మనుష్యుడైనను ఉండవలెను, త్రోవ చూపు పటమైనను ఉండవలెను. ఈ రెంటిలో ఏది మేలు, ఒకటి యున్నచో రెండవది అక్కఱలేదా యను ప్రశ్న నేటికిని తీరినది కాదు. తెలుగుదేశమున ఈ ప్రశ్నను విచారించుటకు నల్లమలను మించిన చోటు లేదు.

కృష్ణానదికి దక్షిణమున మొదలై పెన్న దిక్కునకు సాగు నల్లమల తూర్పు కనుమలలోని ఒక వరుస. దీనికి పడమట నంద్యాల మైదానమును, దాని కావల ఎఱ్ఱమలయు. తూర్పున కంభము, మార్కాపురము ప్రాంతపు పల్లపు నేలయు, దాని కావల వెలికొండలును. ఉత్తరమున కృష్ణ దాటగానే అమ్రాబాదు పీఠభూమియు కలవు. ‘మల’ యనగా కొండ. దట్టమైన అడవి చేత దూరమునకు నల్లగా తోచుట వలన ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. శిఖరములలో కొన్ని 800 మీటర్లకు మించినవి. హిమాలయము ముందు ఇవి గుట్టలే యైనను, వరుస వెనుక వరుసయు, లోయ వెనుక లోయయు నుండుటచే, ఒక గట్టెక్కినవానికి ఊరు కనబడదు. మఱియొక గట్టు కనబడును.

ఈ కొండమీద పడిన వాన మూడు నదుల పాలగుచున్నది. ఉత్తర భాగపు నీరు కృష్ణకు దిగును. గుండ్లకమ్మ గుండ్ల బ్రహ్మేశ్వరపు కొండలలో పుట్టి, కంభము చెఱువును నింపి, తూర్పు సముద్రమును చేరును. పడమటి వాలు నీరు కుందేరునను, దక్షిణ భాగపు తూర్పు వాలు నీరు సగిలేరునను కలిసి, రెండును కడకు పెన్నయందే చేరును. కొండ ఎటు వాలియున్నది, నీరెటు పోవును అను జ్ఞానము పటములతో పుట్టినది కాదు. కంభము చెఱువును విజయనగర ప్రభువుల కాలమున రెండు కొండల నడుమ కట్టవేసి నిలిపినవారి చేతిలో కాగితపు పటము లేదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో వ్రాయించిన పోరుమామిళ్ల శాసనము మంచి చెఱువునకు ఉండవలసిన గుణములను, ఉండరాని దోషములను వరుసగా చెప్పుచున్నది. వేయిమంది కూలీలును నూఱు బండ్లును పని చేయగా రెండేండ్లకు ఆ చెఱువు ముగిసినదని కూడ అందు కలదు. నేల వాలు నెఱిగి, ఎఱిగినదానిని రాతిమీద నిలిపిన వారు వారు.

ఎనిమిది ద్వారముల పటము

అట్టి పూర్వులు నల్లమలకు కూడ ఒక పటము గీచికొనిరి. అది కాగితముమీది పటము కాదు; యాత్రికుల నోటి పటము. శ్రీశైలము దానికి నడుమ. తూర్పు వాకిలి త్రిపురాంతకము, దక్షిణపు వాకిలి సిద్ధవటము, పడమటి వాకిలి అలంపురము, ఉత్తరపు వాకిలి ఉమామహేశ్వరము. మూలలకు ఉపద్వారములు నాలుగు: ఈశాన్యమున ఏలేశ్వరము, ఆగ్నేయమున సోమశిల, నైరృతిని పుష్పగిరి, వాయవ్యమున సంగమేశ్వరము. ఏ సీమనుండి బయలుదేరినవానికైనను తన దిక్కున ఏ వాకిలి కలదో ఈ లెక్క వలన తెలిసిపోవును.

కొలబద్ద పెట్టి చూచినచో ఈ వాకిళ్లు సరిసమాన దూరమున లేవు. ఉమామహేశ్వరము శ్రీశైలమునకు సమీపముననే, కృష్ణకు ఆవలి కొండలలో ఉన్నది. సిద్ధవటము పెన్న యొడ్డున, 150 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. ఐనను ఆ పటమును తప్పని త్రోసివేయరాదు. అది దూరమును చెప్పుటకు పుట్టినది కాదు, దిక్కును చెప్పుటకు పుట్టినది. ఇట్టిదే మఱియొక నోటి పటము: ఈ కొండల వరుస యంతయు ఆదిశేషుడనియు, తిరుమల పడగ యనియు, అహోబిలము నడుమ దేహమనియు, శ్రీశైలము తోక యనియు పెద్దలు చెప్పుదురు. వంకరలు తిరిగిన కొండల తీరును, వాని పరంపరను పసిపిల్లవాడైన మఱువకుండునట్లు చేయు ఉపమానమిది.

పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రములో పర్వత ప్రకరణమను పేర ఒక భాగమే కలదు. శివరాత్రికి శ్రీపర్వతమునకు పోవు భక్తుల యాత్ర అందు వర్ణింపబడినది. శ్రీపర్వతమను పేరు అంతకంటెను ప్రాచీనము. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనములలో ఆ ప్రాంతపు కొండలకే ఆ పేరు చెప్పబడినది. పదునాల్గవ శతాబ్దిలో రెడ్డిరాజగు ప్రోలయ వేముడు శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. ఈ విధముగా శాసనములందును, కావ్యములందును, రాతిమెట్లయందును నల్లమల త్రోవలు నిలిచియున్నవి. అన్నిటను కొండ నడుమను, ఊళ్లు చుట్టును ఉండును.

గొలుసును త్రిభుజమును

కొండను కొలచుట కంపెనీవారి కాలమున మొదలైనది. స్కాట్లండు దేశస్థుడైన కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలమును దర్శించి, అచ్చటి దేవాలయమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటమున అచ్చుపడినది. అందు ఆ స్థలము పేరు ‘పెర్వట్టం’. ‘పర్వతము’ అను తెలుగువారి మాట అతని చెవికి అట్లు వినబడినది. అప్పటికి ఆ సీమ కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. 1800లో నైజాము దత్తమండలములను కంపెనీకి వదలుకొనెను. పిమ్మట మెకంజీ ఆ మండలముల సర్వేను నడపి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరలై, 1821లో మరణించెను.

మెకంజీ గొలుసుతో కొలచుటతో తృప్తి పడినవాడు కాదు. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుగు సోదరులు అతనికి తోడ్పడిరి. బొఱ్ఱయ్య 1803లోనే గతించినను తమ్ములు పనిని సాగించిరి. గ్రామగ్రామమునను కరణముల యొద్దనున్న కవిలెలను, పెద్దల మాటలను ఆధారము చేసికొని కైఫియత్తులు వ్రాయించిరి. చెఱువు నెవరు త్రవ్వించిరి, గుడి నెవరు కట్టించిరి, ఊరి ఎల్ల ఏ గట్టు వఱకు, పాడుపడిన పల్లె పేరేమి అను సంగతులు అందు కలవు. కొలతయు, మాటయు ఒకే మనుష్యుని సేకరణలో చేరిన కాలమది. తరువాతి కాలమున కొలత పటములలోనికి పోయినది. మాట కైఫియత్తుల కట్టలలో నిలిచిపోయినది. ఒకదానిని చూచువారు రెండవదానిని చూచుట అరుదయ్యెను.

1802లో విలియం లాంబ్టన్ మదరాసు సమీపమున సెయింట్ థామస్ మౌంటు వద్ద ఒక ఆధార రేఖను కొలచి, గొప్ప త్రికోణమితి సర్వేకు పునాది వేసెను. ఈ పద్ధతి వినుటకు సులువు. సమనేలమీద ఒక గీతను మిక్కిలి జాగ్రత్తగా కొలవవలెను. ఆ గీత రెండు కొనలనుండి దూరమందున్న కొండ కొమ్మును యంత్రముతో చూచి కోణములను గుర్తింపవలెను. ఒక భుజమును రెండు కోణములును తెలిసినచో కడమ రెండు భుజములును లెక్కకు వచ్చును. ఆ భుజములపై మరల త్రిభుజము, దానిపై మఱియొకటి. పొలమున 66 అడుగుల గొలుసు లాగినట్లు అడవిలో లాగనక్కఱ లేకయే, గట్టు నుండి గట్టునకు చూపు లాగి దేశమును కొలచిరి. నేటి పటములలో కొండ కొమ్ముపై చిన్న త్రిభుజపు గుర్తును, దాని ప్రక్కన అంకెయు కనబడునవి ఆ సర్వే స్థానములే. పొలమునకు సర్వే రాయి యెట్టిదో, దేశమునకు ఆ త్రిభుజము అట్టిది.

నాలుగు మూలలు కలియు చోటు

సర్వే ఆఫ్ ఇండియావారు దేశమునంతయు గళ్లుగా విభజించిరి. నాలుగు డిగ్రీల వెడల్పును నాలుగు డిగ్రీల పొడవును గల పెద్ద గడికి ఒక సంఖ్య. దానిని పదునాఱు డిగ్రీ షీట్లుగా చేసి ఇంగ్లీషు అక్షరములు పెట్టిరి. ఒక్కొక్క డిగ్రీ షీటును మరల పదునాఱు భాగములు చేసి 1 నుండి 16 వఱకు అంకెలు వేసిరి. కడపటిదే టోపో షీటు. తొలుత ఇది అంగుళమునకు ఒక మైలు లెక్కను గీయబడినది. మెట్రిక్ కొలతలు వచ్చిన పిదప రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరుగా, అనగా 1కి 50,000 వంతుగా మాఱినది. నల్లమల సీమలో ఒక షీటున 700 చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల ఇముడును.

ఈ గళ్ల గీతలు కొండను చూచి గీచినవి కావు. అక్షాంశ రేఖాంశములను బట్టి గీచినవి. 16వ ఉత్తర అక్షాంశమును, 79వ తూర్పు రేఖాంశమును ఎచ్చట కలియునో చూడుడు. ఆ బిందువు శ్రీశైలమునకు ఆగ్నేయమున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, దోర్నాలకు వాయవ్యమున, నల్లమల నడిబొడ్డున పడుచున్నది. అచ్చట నాలుగు డిగ్రీ షీట్ల మూలలు కలియును. వాయవ్యపు గడి 56 ఎల్: అందు శ్రీశైలము, అమ్రాబాదు, ఉమామహేశ్వరము. ఈశాన్యపు గడి 56 పి: అందు మాచర్ల, నాగార్జునకొండ. నైరృతి గడి 57 ఐ: అందు ఆత్మకూరు, నంద్యాల, మహానంది, అహోబిలము, గిద్దలూరు. ఆగ్నేయపు గడి 57 ఎం: అందు దోర్నాల, మార్కాపురము, కంభము. చిన్న షీట్ల లెక్కను చూచినచో ఎల్ లోని 16వది, పి లోని 4వది, ఐ లోని 13వది, ఎం లోని 1వది ఆ బిందువును తాకుచున్నవి.

ఇందలి విశేషము గమనింపదగినది. నోటి పటమున ఎనిమిది వాకిళ్లకు నడుమనున్న కొండ, కాగితపు పటమున నాలుగు కాగితముల అంచుపాలైనది. ఒక్క షీటును చేత పట్టినవానికి అడవి ఒక మూలగా మాత్రము కనబడును. ఊళ్లును పొలములును నడుమ నుండును. నాలుగు షీట్లను ఒకదాని ప్రక్క నొకటి చేర్చి బల్లపై పఱచినగాని నల్లమల తన రూపమున కనబడదు. కాగితము అంచు దేశము అంచు కాదు. ఈ చిన్న సంగతిని మఱచుట వలన అడవిలో నివసించువారు మూలనున్నవారని భావించు అలవాటు నాగరికులకు కలుగుచున్నది. తమ దృష్టిలో వారు ఏ మూలను లేరు. తమ ఊట, తమ గట్టు, తమ చెట్టు నడుమనే ఉన్నారు.

పటమును చదువు విధము

టోపో షీటు ఒక పుస్తకము వంటిది. అక్షరములు నేర్చినగాని చదువ వీలుకాదు. నీలము నీరు, ఆకుపచ్చ అడవి, పసుపు సాగుభూమి, ఎఱుపు ఇండ్లును బాటలును, గోధుమ వన్నెది ఎత్తును తెలుపు సమోన్నత రేఖ. సముద్ర మట్టమునకు ఒకే ఎత్తున నుండు చోటులను కలుపు గీతయే సమోన్నత రేఖ. 1కి 50,000 వంతు పటములో సాధారణముగా ఒక రేఖకును తరువాతి రేఖకును నడుమ 20 మీటర్ల ఎత్తు భేదముండును. రేఖలు ఎడమెడముగా నున్నచో నేల మెల్లగా వాలినది. దగ్గఱ దగ్గఱగా నున్నచో నిటారైనది. ఒండొంటిని ఒరసికొన్నచో అది కొండ చరియ. ఎత్తువైపునకు మొన తిరిగి వరుసగా వంగిన రేఖలు వాగు లోయను తెలుపును.

ఈ అక్షరములతో ఒక త్రోవను చదివి చూడవచ్చును. ఆత్మకూరు దిక్కునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా శ్రీశైలమునకు పోవు పాత కాలిబాట కలదు. ఉగాది దినములలో కన్నడ దేశపు భక్తులు నేటికిని ఆ బాటను నడచుచున్నారు. ఆ నడకలో యాత్రికుడు 57 ఐ గడిని విడిచి 56 ఎల్ గడిలోనికి ప్రవేశించును. అడవిలో అందుకు గుర్తేదియు లేదు. భీమునికొలను వద్ద బాట లోతైన లోయలోనికి దిగి, ఎదుటి గట్టును మెట్లమీదుగా ఎక్కును. రేఖలు గుమిగూడిన చోటును పటమున చూచినవాడు అచ్చట కాళ్లు తడబడునని ఇంటనే తెలిసికొనగలడు.

ఐతే ఆ కొలనులో ఈ వేసవి నీరున్నదా, పెచ్చెరువు నీరు త్రాగుటకు యోగ్యమా, ఎలుగుబంటి ఏ మలుపున తిరుగుచున్నది అను ప్రశ్నలకు రేఖలు ఉత్తరము చెప్పవు. అది చెప్పువాడు చెంచు. 

పేరులోని నీరు

నల్లమలకు తరతరములుగా వాసులు చెంచులు. తేనె, దుంపలు, కాయలు, వేట వారి జీవనాధారములుగా నుండెడివి. వారి నివాసములను ‘పెంట’ లందురు. పల్లెటూళ్లలో పెంట యనిన ఎరువు దిబ్బ. నల్లమలలో పెంట యనిన కాపురము. ఒకే మాట కొండ దిగువ నొక విధముగను, కొండ మీద నొక విధముగను పలుకుచున్నది. ఈ భేదము నెఱుగనివాడు పటములో పెంట యను పేరు చదివి ఊరు లేదని దాటిపోవును.

ఆస్ట్రియా దేశస్థుడైన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు 1940 ప్రాంతమున అమ్రాబాదు కొండలలో చెంచుల మధ్య నివసించి, వారిని గూర్చి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. వారిలో ఒక్కొక్క సమూహమునకు వంశపారంపర్యముగా వచ్చు ఒక్కొక్క అడవి భాగము కలదనియు, దాని ఎల్లలు వారికి తెలిసియుండుననియు అతడు గుర్తించెను. గట్టు, వాగు, బండ, చెట్టు ఆ ఎల్లలు. గ్రామమున ప్రతి చేనికి హద్దు రాళ్లును, క్షేత్రపు కొలత పుస్తకమును, తెలంగాణమున టిప్పణమును ఉన్నట్లే, అడవికిని హద్దులు కలవు. కాగితము మాత్రము లేదు. 1882 నాటి మదరాసు అడవి చట్టము పిమ్మట రిజర్వు అడవి యను గీత పటములపైకి వచ్చినది. ఆ గీత లోపల నున్న పెంటల ఎల్లలు పటములకు ఎక్కలేదు.

ఊరి పేర్ల సంగతియు ఇట్టిదే. నాగలూటి, బైర్లూటి యను పేర్లలో ఊట వినబడుచున్నది. పెచ్చెరువులో చెఱువును, కుడిచింతలబైలులో చింతలును బయలును, భీమునికొలనులో కొలనును ఉన్నవి. అడవిలో పేరు పెట్టినవాడు తరువాత వచ్చువానికి నీటి జాడ చెప్పిపోయెను. ఆ పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, దానిని మరల తెలుగున చదివినచో ఊటి కాస్త లూటీ యగును. కంభము కంబమ్ అయినది. కడప కడ్డపా అయినది. కడప పేరు ఇంగ్లీషున సరిచేయబడినది 2005లో. పెద్ద పట్టణమునకే అన్ని యేండ్లు పట్టినచో, పది గుడిసెల పెంట పేరును సరిచేయువారెవరు?

పటమునకును వయస్సు కలదు

పటము అడంగలు వంటిది. దానిపై ఏ సంవత్సరమని వ్రాసియున్నదో చూడక చదువరాదు. పాత అంగుళపు షీటున కృష్ణ సన్నని లోయలో వంకరలు పోవు నదిగా కనబడును. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో నీరు విడువబడినది. శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగి, 1981లో కట్టడము పూర్తియైనది. ఆ తరువాతి పటములలో లోయకు మాఱుగా నీలపు జలాశయము వచ్చినది.

శ్రీశైలము జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. పాత పటముపై ఆ ఎత్తు ఒక గోధుమ వన్నె గీత యెంతటిదో అంతటిది. చూచువారికి దాని వలన హర్షము లేదు, విషాదము లేదు. నీరు ఆ ఎత్తునకు వచ్చినపుడు ఆ గీతకు దిగువ నున్నవి మునిగినవి, ఎగువ నున్నవి మిగిలినవి. కృష్ణాతుంగభద్రల తీరమున దాదాపు నూఱు గ్రామముల ప్రజలు ఇండ్లు విడిచిరి. నోటి పటములోని వాకిళ్లకును నీరు వచ్చినది. వాయవ్యపు వాకిలియగు సంగమేశ్వరము మునుగుచు, వేసవిలో నీరు దిగినపుడు మరల కనబడుచున్నది. ఈశాన్యపు వాకిలియగు ఏలేశ్వరము అంతకు మునుపే నాగార్జునసాగరము పాలైనది. పడమటి వాకిలియగు అలంపురమునకు కట్ట వేసి రక్షించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున నిలిపిరి. గుడులను తరలించుట సాధ్యమైనది. పొలముల పేర్లు, రేవుల పేర్లు, కాలిబాటల పేర్లు తరలి రాలేదు. వానిని చూడదలచినవారికి 1981కి పూర్వపు షీటు ఒకటే ఆధారము.

ఎల్లల గీతలును మాఱినవి. 1839లో కర్నూలు నవాబు రాజ్యము కంపెనీ పాలైన నాటినుండి కృష్ణకు దక్షిణ గట్టు ఇంగ్లీషువారిది, ఉత్తర గట్టు నైజాముది. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడును కృష్ణ ఎల్లయే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా ఆ ఎల్ల తొలగినది. 1970లో మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లానుండి నేటి ప్రకాశము జిల్లాకు పోయినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడగా కృష్ణ మరల ఎల్లయైనది. 2016లో నాగరకర్నూలు జిల్లాయు, 2022లో నంద్యాల, పల్నాడు జిల్లాలును వచ్చినవి. ఇన్ని మాఱులు మాఱినది సిరాగీత. కొండ యున్నచోటనే యున్నది.

చట్టము ముందు పటమును మాటయు

ఈ విచారణ పండితుల వినోదము కొఱకు కాదు. 1978లో నల్లమలలో అభయారణ్యము ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరినది. రాష్ట్ర విభజన పిమ్మట కృష్ణకు ఉత్తర భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమను పేర వేఱైనది. పులిని కాపాడుట దేశమునకు కర్తవ్యము. అడవిలో పుట్టినవాని కాపురమును నిలుపుటయు కర్తవ్యమే. ఈ రెండును ఒకే నేలమీద కలిసినపుడు, ఎవరు ఎచ్చట ఎన్నాళ్లనుండి ఉన్నారను ప్రశ్న వచ్చును. దానికి ప్రమాణము కావలెను.

2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిలో నివసించువారికి తాము అనుభవించు నేలపైనను, తమ ఊరుమ్మడి అడవిపైనను హక్కును గుర్తించినది. చెంచుల వంటి ఆదిమ సమూహములకు తమ ఆవాస సీమపై గల హక్కును అందు వేఱుగ చెప్పబడినది. ఆ చట్టము క్రింది నియమములలో సాక్ష్యములుగా అంగీకరింపదగినవి ఇవి యని ఒక పట్టిక కలదు. అందు ప్రభుత్వ రికార్డులును, సర్వే నివేదికలును, పటములును ఉన్నవి. ఆ పట్టికలోనే, వాదులు కాని ఇతర పెద్దల వాఙ్మూలమును వ్రాతలో పెట్టినచో అదియు సాక్ష్యమే యని కలదు. పూర్వము మెకంజీ కాలమున ఒక సంచిలో ఉండి, పిదప విడిపోయిన కొలతయు మాటయు, చట్టము ముందు మరల ఒక పంక్తిని కూర్చున్నవి.

కాని పెద్దల మాట వ్రాతకు ఎక్కినగాని సాక్ష్యము కాదు. వ్రాయకమునుపే పెద్దలు పోయినచో ఏ చట్టమును దానిని రప్పింపజాలదు. కరణముల ఉద్యోగములు 1984లో ఆంధ్రప్రదేశ్‌లో రద్దైనపుడు అనేక గ్రామములలో పొలము పేర్లు, వాగు పేర్లు, పుంత పేర్లు ఎఱిగిన నోళ్లు ఒక్కసారి ఉద్యోగము విడిచినవి. సర్వే నంబరు నిలిచినది, పేరు జాఱినది. వ్రాతలో మునిగి తేలిన గ్రామములకే ఈ గతి పట్టగా, వ్రాతయే లేని పెంటలకు పట్టు గతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము కొంత దొరకుచున్నది. పటము కొలుచును, మనుష్యుడు ఎఱుగును. కొలతకు మఱపు లేదు గాని ఋతువు తెలియదు. ఎఱుకకు ఋతువు తెలియును గాని ఆయుర్దాయము తక్కువ. ఒకటి యున్నదని రెండవదానిని విడిచినవాడు ప్రవరుని వలె సగము త్రోవలో నిలిచిపోవును.

గ్రామ గ్రంథాలయములు చేయదగిన పని ఇచ్చట ఒకటి కనబడుచున్నది. దీనికి ధనము కంటె ఓపిక ముఖ్యము. తమ ఊరు పడిన టోపో షీటు ఏదో తెలిసికొని, పాత కూర్పును కొత్త కూర్పును కూడ సంపాదించి గోడకు ప్రక్కప్రక్కన తగిలింపవచ్చును. 2005లో వచ్చిన జాతీయ పట విధానము తరువాత ప్రజల కొఱకు వేఱుగ ఒక పటముల వరుస వెలువడుచుండుట వలన సంపాదన కష్టము కాదు. పిదప ఊరి పెద్దలను, పశువుల కాపరులను, అడవి యంచు గ్రామములైనచో చెంచు పెద్దలను పిలిచి, ఒక్కొక్క గట్టును, వాగును, కుంటను, బండను వారు ఏమని పిలుతురో వారి ఉచ్చారణలోనే తెలుగు లిపిని వ్రాసి, చెప్పినవారి పేరును, చెప్పిన తేదీని దాని ప్రక్కన చేర్పవలెను. ఊరి పటము కాగితపు మూలలో పడినదని విడువక, ప్రక్క షీటును తెచ్చి అతికింపవలెను.

ఇరువదియైదేండ్లు గ్రంథములను కాపాడినవారికి ఇది క్రొత్త విద్య కాదు. పుస్తకమునకు సంఖ్య వేసి, పేరు వ్రాసి, చెదలు పట్టకుండ బీరువాలో నుంచుట వారికి అలవాటైన పనియే. అదే పనిని కొండకును వాగునకును చేయవలసియున్నది.